యంత్రం వెనక్కిచ్చిన నాణెం ఎవరిది?

దారిలో దొరికిన పరాయి సొమ్మును ఇస్లామీయ ధర్మశాస్త్రంలో 'లుఖతా' అంటారు. ఎత్తుకోవడం, ఏరుకోవడం అనే అర్థమున్న అరబీ ధాతువు నుంచి పుట్టిన మాట ఇది. దివ్య ఖుర్‌ఆన్‌లో ఈ ధాతువు ఇద్దరు దైవప్రవక్తల బాల్యగాథల్లో కనిపిస్తుంది. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం)ను బావిలో పడవేద్దామని, ఎవరో బాటసారులు ఎత్తుకుపోతారని అన్నల్లో ఒకడు సలహా ఇచ్చిన చోట ఒకసారి. నీటిలో తేలివచ్చిన హజ్రత్ మూసా (అలైహిస్సలాం)ను ఫిరౌన్ ఇంటివారు ఎత్తుకున్న చోట మరోసారి. బావి దగ్గర ఆగిన బిడారు ఆ పిల్లవాడు ఎవరి బిడ్డ అని విచారించలేదు. సరుకుగా దాచిపెట్టింది, కొద్దిపాటి దిర్హములకు అమ్మివేసింది. మూసా (అలైహిస్సలాం) విషయంలో మాత్రం అల్లాహ్ తన యుక్తితో దొరికిన బిడ్డను కన్నతల్లి ఒడికే తిరిగి చేర్చాడు. లుఖతా అధ్యాయమంతా ఈ రెండు దారుల మధ్యనే నడుస్తుంది. దొరికిన వస్తువు మన చేతిలో సరుకు అవుతుందా, సొంతదారుని దగ్గరకు తిరిగి వెళుతుందా అన్నదే దాని చర్చ.

మన పెద్దల కాలంలో లుఖతా అంటే బజారులో దొరికిన మూట, తప్పిపోయి వచ్చిన గొర్రె. తర్వాత ఒక రూపాయి ఫోను డబ్బాలో ఎవరో మరచిపోయిన బిళ్ళ, రైల్వే స్టేషనులో బరువు చూసే యంత్రం గిన్నెలో మిగిలిన చిల్లర, ఏ.టి.ఎం.లో వదిలేసి వెళ్లిన నోటు అయ్యాయి. అమెరికా, బ్రిటన్ దేశాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగు ముస్లిం కుటుంబాలకు మరొకటి తగులుతుంది. అక్కడి పెద్ద కిరాణా దుకాణాల్లో నాణేలు లెక్కపెట్టే యంత్రాలు ఉంటాయి. వాటి ముందున్న చిన్న గిన్నెలో ఎవరో వదిలేసిన నాణేలు, బిళ్ళలు, ఒక్కోసారి ఉంగరాలు కూడా దొరుకుతాయి. వాటిని ఏరుకోవడమే సరదాగా పెట్టుకున్నవారు అక్కడ చాలామంది ఉన్నారు. మన పిల్లలూ అది చూస్తారు, చేస్తారు. అది హలాలా అని ఇంట్లో అడుగుతారు. 'పది పైసలకేముందిలే' అని దాటవేయవలసిన ప్రశ్న కాదు ఇది. ఆ గిన్నెలో పది సెంట్ల పేరుతో పడి ఉండేది వెండి కూడా కావచ్చు.

యంత్రం ఎందుకు వెనక్కిస్తుంది?

తీర్పు చెప్పేముందు వస్తువు స్థితి తెలుసుకోవాలన్నది మన ఫిఖహ్ పండితుల పద్ధతి. కనుక ముందు యంత్రం సంగతి చూద్దాం.

అమెరికాలో ఈ యంత్రాలకు 'కాయిన్‌స్టార్' అన్న పేరే జనం నోట ఎక్కువగా నానింది. ఆ సంస్థ 1991లో మొదలైంది. ఇళ్లలో డబ్బాల్లో, సీసాల్లో పోగుపడిన చిల్లరను తెచ్చి యంత్రం పళ్ళెంలో పోస్తారు. లోపల చిల్లులున్న డ్రమ్ము తిరుగుతూ దుమ్ము, కాగితం ముక్కలు, పిన్నీసుల వంటివాటిని వేరు చేస్తుంది. తర్వాత నాణేలు ఒక్కొక్కటిగా జారుతూ తీగచుట్టల పక్కగా వెళ్తాయి. ఆ తీగచుట్టల్లో మారే విద్యుత్తు వల్ల అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. నాణెం ఏ లోహంతో చేశారు, ఎంత వెడల్పు, ఎంత మందం అన్నదాన్ని బట్టి ఆ క్షేత్రంలో మార్పు వస్తుంది. యంత్రానికి నేర్పిన కొలతకు ఆ మార్పు సరిపోతే నాణెం లోపలి డబ్బాలోకి పోతుంది. సరిపోకపోతే బయటి గిన్నెలో ఖంగున పడుతుంది. లెక్క పూర్తయ్యాక యంత్రం ఒక చీటీ ఇస్తుంది, దాన్ని దుకాణం కౌంటరులో ఇచ్చి డబ్బు తీసుకుంటారు. చీటీ చేతికి రాగానే మనిషి ధ్యాస కౌంటరు మీదికి పోతుంది. గిన్నెలోకి చూడటం మరచిపోతారు. చూసినా 'యంత్రమే వద్దన్నది, ఇవి చెల్లని బిళ్ళలు' అనుకుని వదిలేస్తారు.

ఇక వెనక్కి వచ్చేవి ఏమిటి? వంగినవి, జిగురు పట్టినవి మొదట వస్తాయి. తర్వాత పరదేశపు నాణేలు: కెనడా సెంట్లు, మెక్సికో పెసోలు, ఉమ్రా నుంచి తిరిగివచ్చినవారి జేబుల్లో మిగిలిన సౌదీ హలలాలు, మన అయిదు రూపాయల బిళ్ళలు. ఆ తర్వాత టోకెన్లు. న్యూయార్కు భూగర్భ రైళ్లలో 1953 నుంచి వాడిన టోకెన్లు 2003లో ఆగిపోయాయి గాని, ఇళ్లలోని డబ్బాల అడుగున ఇంకా ఉన్నాయి. పిల్లల ఆటకేంద్రాల టోకెన్లు సరేసరి. 1943లో యుద్ధం కారణంగా రాగి కొరతపడి ఉక్కుతో పోసిన ఒక సెంటు నాణెం కూడా వెనక్కే వస్తుంది. అన్నిటికన్నా గమనించవలసినవి పాత వెండి నాణేలు.

అమెరికాలో 1964 వరకూ తేదీ ఉన్న పది సెంట్లు, పాతిక సెంట్లు, యాభై సెంట్ల నాణేల్లో నూటికి తొంభై పాళ్లు వెండి ఉండేది. 1965 నాణేల చట్టం పది, పాతిక సెంట్ల నుంచి వెండిని పూర్తిగా తీసివేసింది. యాభై సెంట్లలో 1970 వరకూ నలభై పాళ్లు మిగిలింది. ఇప్పటి పాతిక సెంట్ల నాణెం లోపల రాగి, పైన రాగి-నికెల్ పొర. బరువు 5.67 గ్రాములు. పాత వెండి నాణెం 6.25 గ్రాములు. అంచు చూస్తే తేడా తెలిసిపోతుంది. కొత్తదాని అంచున ఎర్రటి రాగి చార ఉంటుంది, వెండిదాని అంచు అంతా తెల్లగా ఉంటుంది. లోహాలన్నిటిలో విద్యుత్తును బాగా ప్రసరింపజేసేది వెండి. అందుకే దాని కొలత యంత్రానికి వేరుగా కనబడుతుంది. అంటే ఇక్కడ తమాషా ఏమిటంటే, మేలైన నాణెం కావడం వల్లనే అది తిరస్కారానికి గురైంది. సొంతదారుడు దాన్ని నాసిరకమని తలచి వదిలి వెళ్ళాడు. వెండి ధర ప్రకారం ఆ పాతిక సెంట్ల నాణెం దాని ముఖవిలువకు పది రెట్లకు మించి పలుకుతుంది.

మన ఇళ్లలో నానమ్మల పెట్టెల్లో ఉండే విక్టోరియా, అయిదవ జార్జి రూపాయలను తలచుకోండి. తులం బరువున్న ఆ బిళ్ళను ఎవరైనా ఒక్క రూపాయికి ఇచ్చేస్తారా?

ఖర్జూరపు పండు నుంచి నూరు దీనార్ల సంచీ దాకా

దొరికిన వస్తువు విషయంలో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధనలు ఒకే తీరుగా లేవు. వస్తువును బట్టి మారతాయి. ఆ తేడా గ్రహిస్తేనే ఈ గిన్నె సంగతి తేలుతుంది.

ఒకసారి ఆయన (స) నడుస్తున్న దారిలో ఒక ఖర్జూరపు పండు కనిపించింది. అది సదఖా సొమ్ములోనిదేమో అన్న భయం లేకపోతే తినేవాడినని ఆయన (స) అన్నట్లు హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ హదీసు ఉంది. సదఖా తినడం ఆయనకు నిషిద్ధం గనుక ఆ ఒక్కటే అడ్డు. ఆ పండు సొంతదారుడెవరని చాటించాలన్న మాట రాలేదు. వెతుక్కుంటూ ఎవరూ తిరిగిరాని అల్పవస్తువులకు ప్రకటన అవసరం లేదన్న తీర్పుకు పండితులు దీన్ని ఆధారంగా చూపారు. హనఫీ ఫిఖహ్‌లో పేరెన్నికగన్న 'హిదాయా' గ్రంథం ఖర్జూరపు గింజలను, దానిమ్మ తొక్కలను ఉదాహరణగా చెబుతుంది. వాటిని పారవేయడమే వాడుకోవడానికి ఇచ్చిన అనుమతి.

రెండో కొసన హజ్రత్ ఉబయ్ బిన్ కఅబ్ (రజి) ఉదంతం ఉంది. ఆయనకు నూరు దీనార్ల సంచీ దొరికింది. ఏడాదిపాటు చాటించమని ప్రవక్త (స) ఆదేశించారు. ఎవరూ రాలేదు. మళ్లీ ఏడాది చాటించమన్నారు. ఇలా మూడేళ్లని ఒక ఉల్లేఖనం. చివరికి ఆ సంచీ, దాని లెక్క, దాని మూతికి కట్టిన తాడు గుర్తుపెట్టుకుని, సొంతదారుడు వస్తే ఇచ్చేటట్లు, రాకపోతే తాను వాడుకొనేటట్లు అనుమతించారు. హజ్రత్ జైద్ బిన్ ఖాలిద్ జుహనీ (రజి) ఉల్లేఖనంలోనూ సంచీనీ తాడునూ గుర్తుపెట్టుకుని ఏడాది చాటించాలనే ఆదేశం ఉంది. అదే ఉల్లేఖనంలో తప్పిపోయిన గొర్రెను పట్టుకోవచ్చనీ, లేకపోతే తోడేలు పాలవుతుందనీ, ఒంటె జోలికి మాత్రం పోవద్దనీ ఉంది. ఒంటె తన నీటిని తానే మోసుకుంటుంది, తన కాళ్లమీద తానే తిరుగుతుంది, యజమాని వచ్చి దాన్ని కలుసుకుంటాడు. గమనించండి, దొరికినదాన్ని ఎత్తుకోవడమే ఎప్పుడూ మేలు కాదు. కొన్నిసార్లు ఉన్నచోట ఉంచడమే సొంతదారునికి దగ్గరి దారి.

మరి మధ్యస్థమైన సొమ్ముకు గడువెంత? ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) నుంచి వచ్చిన ఒక ఉల్లేఖనం ప్రకారం పది దిర్హములకు తక్కువైతే కొన్ని రోజులు, పది దిర్హములు గాని అంతకు మించి గాని అయితే ఏడాది. ఇమామ్ సర్ఖసీ (రహ్మ) వంటి పెద్దలు రోజుల లెక్కకు కట్టుబడలేదు. సొంతదారుడు ఇక వెతకడం మానేసి ఉంటాడని మనసుకు గట్టిగా తోచేవరకూ చాటించాలన్నారు. తర్వాతి హనఫీ పండితులు ఎక్కువగా మొగ్గింది ఈ మాటకే.

గడువు తీరాక ఏం చేయాలి? షాఫియీ, హంబలీ పండితుల ప్రకారం దొరికినవాడు దాన్ని తన సొమ్ములో కలుపుకోవచ్చు. సొంతదారుడు వస్తే చెల్లించాలి. హనఫీల ప్రకారం దొరికినవాడు పేదవాడైతేనే వాడుకోవచ్చు. కలిగినవాడైతే సొంతదారుని తరఫున సదఖా చేయాలి. తన తండ్రో, కొడుకో, భార్యో పేదవారైతే వారికే ఇవ్వవచ్చు. ఆ తర్వాత సొంతదారుడు వస్తే నిర్ణయం అతనిది. ఆ సదఖా పుణ్యాన్ని తనదిగా ఒప్పుకోవచ్చు, లేదా తన సొమ్ము అడిగి తీసుకోవచ్చు. మన తెలుగు ప్రాంతంలోని ముస్లిములు చాలామటుకు హనఫీలే గనుక ఈ తీర్పును బాగా గుర్తుంచుకోవాలి. అమెరికాలో నెలజీతం తీసుకుంటున్న మన అబ్బాయి ఈ లెక్కలో పేదవాడు కాడు.

ఇప్పుడు గిన్నె దగ్గరకు వద్దాం

వంగిన ఒక సెంటు, ఆటకేంద్రం టోకెను, చిలుము పట్టిన పరదేశపు బిళ్ళ ఖర్జూరపు గింజ జాతికి చెందినవి. సొంతదారుడు చూసి వదిలేశాడు, తిరిగి రాడు. తీసుకుంటే దోషం లేదు. అమెరికాలో ఒక సెంటు నాణేల ముద్రణనే 2025 నవంబరులో ఆపేశారు. పాతవి చెల్లుతాయి గాని, ఒక్క సెంటు కోసం దుకాణానికి తిరిగివచ్చేవారు ఉండరు.

వెండి నాణెం సంగతి అలా కాదు. ఇక్కడ నిజమైన చిక్కు ఉంది. సొంతదారుడు దాన్ని చూసి వదిలేశాడా, చూడకుండా వదిలేశాడా? చూడకుండా పోతే అది పోగొట్టుకున్న సొమ్ము, లుఖతా. చూసి వదిలేస్తే పారవేసిన సొమ్ము కదా అనవచ్చు. అయితే అతను వదిలింది 'చెల్లని బిళ్ళ' అనుకున్నదాన్ని. అది వెండి అని ఎవరైనా చెప్పి ఉంటే జేబులో వేసుకుని వెళ్ళేవాడు. దానిమ్మ తొక్క పారవేసేవాడికి అది తొక్క అని తెలుసు. ఏది వదులుతున్నాడో తెలియనివాడి వదులుకోలును ఆ తొక్కతో సమానం చేయలేము. ఈ వ్యాసకర్త దృష్టిలో వెండి నాణేన్ని లుఖతాగా చూడటమే జాగ్రత్తైన దారి. దాని విలువ కట్టవలసింది కూడా ముఖం మీది అంకెను బట్టి కాదు, బజారు ధరను బట్టి. ప్రవక్త (స) కాలంలో హిజాజ్ బజారుల్లో తిరిగినవి రోము, పారశీక రాజుల ముద్రలున్న నాణేలు. వాటి విలువను తూకంతో తేల్చుకునేవారు. ఖలీఫా అబ్దుల్ మలిక్ బిన్ మర్వాన్ కాలంలో హిజ్రీ 77 ప్రాంతాన గాని ఇస్లామీయ నాణెం సొంత రూపు దిద్దుకోలేదు.

ఆ తూకమే ఇక్కడ పనికివస్తుంది. మన ప్రాంతపు ఉలమాల లెక్కలో ఒక దిర్హము సుమారు 3.06 గ్రాములు. పది దిర్హములంటే 30.6 గ్రాముల వెండి. పాత పాతిక సెంట్ల నాణేలు అయిదు కలిస్తే 31 గ్రాములు దాటుతాయి. అంటే ఒకే గిన్నెలో అయిదు వెండి నాణేలు దొరికితే, చూపుకు డాలరుంబావే అయినా, మొదటి ఉల్లేఖనం ప్రకారం అది ఏడాది చాటించవలసిన సొమ్ము. ఒక్కటే దొరికితే కొన్ని రోజులు విచారిస్తే చాలు.

చాటించడం ఎలా? బజారులో కేకలు వేయాల్సిన పని లేదు. దుకాణంలో వినియోగదారుల సేవా కౌంటరు ఉంటుంది. 'ఫలానా రోజు, ఫలానా వేళ యంత్రం దగ్గర కొన్ని నాణేలు దొరికాయి, ఎవరైనా అడిగితే ఈ నంబరుకు చెప్పండి' అని చీటీ రాసి ఇవ్వాలి. ఎన్ని నాణేలు, ఏ సంవత్సరానివి అన్నది రాయకూడదు. సంచీనీ, తాడునూ గుర్తుపెట్టుకోమనడంలోని కిటుకు అదే. అడగవచ్చినవాడు గుర్తులు చెప్పాలి. దుకాణం వారు తామే ఉంచుకుంటామంటే, పోయిన వస్తువుల గురించి అక్కడి చట్టం, దుకాణం నియమం ఏం చెబుతున్నాయో దాన్ని అనుసరించి అప్పగించవచ్చు. ఎత్తుకున్నప్పుడు సాక్షిని పెట్టుకోవాలని, దాచిపెట్టకూడదని హజ్రత్ ఇయాజ్ బిన్ హిమార్ (రజి) ఉల్లేఖించిన హదీసులో ఉంది. పక్కనున్న భార్యకో, స్నేహితునికో చూపించి చెప్పడం తేలిక పని. అది సొంతదారునికి రక్షణ, ఎత్తుకున్నవాడి మనసుకూ రక్షణే. రేపు సైతాన్ 'ఎవరు చూశారు' అన్నప్పుడు చూసినవారు ఒకరు ఉంటారు.

ఒక్కమాట. పోయిన వస్తువు కోసం మస్జిదు లోపల కేకవేయడాన్ని ప్రవక్త (స) గట్టిగా వారించారు. ముస్లిం గ్రంథంలో ఆ హదీసు ఉంది. చాటింపు మస్జిదు వాకిలి బయట జరగాలి. మన ఊళ్లలో మైకులో 'తాళంచెవి దొరికింది' అని చెప్పేవారు ఈ సంగతి తమ ఇమాము గారిని అడిగి తెలుసుకోవడం మంచిది.

ఉంగరం విషయంలో మాత్రం రెండో ఆలోచన ఉండకూడదు. చిల్లర డబ్బాలో ఎప్పుడో జారిపడిన ఉంగరమో, చెవిదిద్దో నాణేలతోపాటు యంత్రంలోకి పోవడం, గిన్నెలోకి రావడం జరుగుతుంది. ఇంటి ఇల్లాలు దాన్ని ఏళ్ల తరబడి వెతుకుతూ ఉండవచ్చు. ఉబయ్ (రజి) గారి సంచీకి చెప్పిన తీర్పే దీనికీ. వెంటనే కౌంటరులో నమోదు చేయించాలి, యంత్రం మీద రాసి ఉండే సంస్థ నంబరుకు కూడా తెలపాలి.

'వాళ్ల సొమ్మే కదా'

కొందరి నోట వినిపించే మాట ఒకటుంది. అది ముస్లిమేతరుల దేశం, వాళ్ల సొమ్ము ఎలా వచ్చినా తప్పులేదు అని. ఈ వాదం కొత్తది కాదు. దివ్య ఖుర్‌ఆన్ మూడవ సూరా 'ఆలి ఇమ్రాన్'లోని 75వ ఆయతు గ్రంథవహుల్లో రెండు రకాల మనుషులను చూపుతుంది. ఒకడు రాశి పోసిన ధనం అప్పగించినా తిరిగి ఇస్తాడు. మరొకడు ఒక్క దీనారు ఇచ్చినా నెత్తిన నిలబడితే తప్ప ఇవ్వడు. ఆ రెండోవాడి సాకు ఏమిటి? పరాయివారి విషయంలో మామీద నేరం లేదు అనడం. దాన్ని అల్లాహ్ పేరిట చెప్పిన అబద్ధంగా ఖుర్‌ఆన్ ఖండించింది. ఆ సాకునే మనం అరువు తెచ్చుకుంటామా?

హిజ్రత్ నాటి సంగతి అందరికీ తెలిసిందే. ప్రాణం తీయడానికి ఇల్లు చుట్టుముట్టిన ఖురైషీయుల అమానతులే ప్రవక్త (స) ఇంట్లో ఉన్నాయి. వాటిని సొంతదారులకు అప్పగించి రమ్మని హజ్రత్ అలీ (రజి)ని మక్కాలో ఉంచి వెళ్లారు. అంతగా తెలియని మరో ఉదంతం హుదైబియా సందర్భంలో బుఖారీ గ్రంథంలో ఉంది. హజ్రత్ ముగీరా బిన్ షుఅబా (రజి) ఇస్లాం స్వీకరించకముందు తన తోటి ప్రయాణికులను చంపి వారి సొమ్ము తీసుకుని వచ్చారు. ఆయన ఇస్లామును ప్రవక్త (స) అంగీకరించారు. ఆ సొమ్ముతో తనకు ఏ సంబంధమూ లేదన్నారు. ఆ సొంతదారులు విగ్రహారాధకులు. నమ్మి తోడు వచ్చినవారికి చేసిన ద్రోహం వల్ల వచ్చిన సొమ్ము గనుక అది తీసుకోదగినది కాలేదు. వీసా మీద సంతకం చేసి ఒక దేశంలో అడుగుపెట్టినవాడు కూడా ఆ దేశం వారితో ఒప్పందం చేసుకున్నవాడే.

ఏరుకోవడమే పనిగా పెట్టుకుంటే?

గిన్నెలోకి తొంగిచూడటం హరాం కాదు. ఎవరో మరచిపోయిన వస్తువు కనబడితే పిలిచి ఇవ్వవచ్చు కూడా. అయితే వారానికి నాలుగు దుకాణాలు తిరిగి, గిన్నెలు తడిమి, దొరికినదంతా జేబులో వేసుకోవాలన్న సంకల్పంతో బయలుదేరేవాడి సంగతి వేరు. లుఖతాను ఎత్తుకునేది సొంతదారుని కోసమైతే అది మేలు. వదిలేస్తే నాశనమవుతుందన్న భయముంటే ఎత్తడం తప్పనిసరి కూడా. తన కోసమే ఎత్తుకుంటే అది ఇతరుల సొమ్ము లాక్కోవడంతో సమానమని హనఫీ గ్రంథాలు స్పష్టంగా చెబుతాయి. వస్తువు ఒకటే, చెయ్యి ఒకటే. నియ్యతును బట్టి అమానతు, దోపిడీ వేరవుతాయి. వరుసలో ముందున్న మనిషి ఇంకా కౌంటరు దగ్గరే ఉన్నాడనుకోండి, అతన్ని పిలవకుండా గిన్నె ఖాళీ చేస్తే దాన్ని లుఖతా అనే వీలు కూడా లేదు. సొంతదారుడు ఎదుటే ఉన్నాడు. యంత్రం సందుల్లో ఇరుక్కున్న నాణేలను తీగతో లాగడం, యంత్రాన్ని కొట్టి రాల్చడం కూడా ఇలాంటివే.

చిన్నపిల్లలు పరుగెత్తివెళ్లి ఏరి తెస్తే ఆ వస్తువు బాధ్యత తండ్రిది, సంరక్షకునిది. 'నీదేరా, ఉంచుకో' అనకుండా వాడిచేతే కౌంటరులో ఇప్పిస్తే, వాడు పెద్దయ్యాక ఆఫీసులో పరాయి సొమ్ము ముందు నిలబడినప్పుడు ఆ కౌంటరు గుర్తుకువస్తుంది.

యంత్రం తీసుకునే రుసుము గురించి కూడా అడుగుతారు. ఈ యంత్రాలు నగదుగా ఇస్తే వందకు పది డాలర్లకు పైగానే కోసుకుంటాయి. అదే దేశపు డబ్బుకు అదే దేశపు డబ్బు ఎక్కువతక్కువలుగా మార్చుకోవడం వడ్డీ కోవలోకి వస్తుందని ఉలమాలు హెచ్చరిస్తారు. మన బజారుల్లో వంద రూపాయల చిల్లరకు కమీషను తీసుకునే వ్యాపారం విషయంలోనూ ఇదే చర్చ ఉంది. రుసుము లెక్కించే పనికి కూలి అని సమర్థించేవారు ఉండవచ్చు. కాని సందేహం లేని దారి పక్కనే ఉన్నప్పుడు సందేహంలో దిగడం ఎందుకు? చాలా యంత్రాలు దుకాణాల గిఫ్టు కార్డు రూపంలో తీసుకుంటే రుసుము కోయవు. ఖాతా ఉన్న బ్యాంకులో జమచేసే వీలూ ఉంటుంది.

యంత్రం లెక్కను కళ్లుమూసుకుని నమ్మనక్కరలేదు కూడా. అమెరికాలో టి.డి. బ్యాంకు తన శాఖల్లో 'పెన్నీ ఆర్కేడ్' అనే పేరుతో ఇలాంటి యంత్రాలను నడిపింది. అవి తక్కువ లెక్క చూపుతున్నాయని టెలివిజను వారు పరీక్షించి బయటపెట్టాక 2016లో వాటన్నిటినీ తీసివేసింది. తూనికలు కొలతల్లో తగ్గించేవారి గురించి 83వ సూరా మొదటి ఆయతుల్లో వచ్చిన హెచ్చరిక తక్కెడకే పరిమితం కాదు. తీగచుట్టలతో కొలిచినా కొలత కొలతే.

వెండి నాణేలు పోగుచేసేవారి జకాత్

ఇది కొంచెం పక్కకు పోయినట్లుంటుంది గాని, అడగవలసినవారు అడగని సంగతి. పాత వెండి నాణేలను కొని సరదాగా దాచుకునేవారు వాటిని ఆటవస్తువులుగా లెక్కవేసి జకాత్‌లో చేర్చరు. హనఫీ ఫిఖహ్‌లో వెండి పాలు ఎక్కువున్న నాణెం వెండి కిందే లెక్క. కనుక తొంభై పాళ్ల నాణేలకు మొత్తం బరువు చూడాలి. వెండి నిసాబు యాభై రెండున్నర తులాలు, అంటే సుమారు 612 గ్రాములు. 6.25 గ్రాముల పాతిక సెంట్ల నాణేలు 98 చేరితే నిసాబు పూర్తవుతుంది. ఇంట్లో ఇతర నగదు, బంగారం ఉంటే ఇంకా ముందే పూర్తవుతుంది. యుద్ధకాలంలో 1942 నుంచి 1945 వరకూ పోసిన అయిదు సెంట్ల నాణేల్లో వెండి ముప్పై అయిదు పాళ్లే గనుక అవి ఈ లెక్కలోకి ఇలా రావు. వాటి బజారు విలువ చూడాలి, అదీ వ్యాపారం కోసం కొన్నవైతే.

చాటింపు గడువులో ఉన్న లుఖతా నాణేలను ఇందులో కలపకూడదు. అవి ఇంకా మన సొమ్ము కావు. విడిగా ఒక కవరులో వేసి, పైన దొరికిన తేదీ, దుకాణం పేరు రాసి ఉంచాలి. సొంత నాణేలు నిసాబుకు చేరిన రోజును చాంద్రమాన తేదీతో వేరే రాసుకుంటే, మరుసటి ఏడు అదే తేదీకి నలభయ్యో వంతు తీయడానికి లెక్క సిద్ధంగా ఉంటుంది.